సూదిపోట్ల నెమలి

పాతకాలపు ఆడవాళ్ల పత్రికలంటే జగ్గవరం జమీందారుకు పిచ్చి. చాటింపు వేయించి, ఊళ్లో ఉన్నవన్నీ దివాణానికి తెప్పించాడు. నలగనివే బీరువాకెక్కేవి. కుట్టుపనిచేసే సూరాంబ తన అమ్మమ్మ దాచుకున్న పత్రిక పట్టుకొస్తే ముఖం చిట్లించాడు.

"ఇన్ని చిల్లులా! పొయ్యిలో పడెయ్యండి!"

సూరాంబ తొణకలేదు.

"చిత్తం దొరా. ముందు ఒక్కసారి ఎండకు పట్టనివ్వండి."

చిల్లుల పేజీ విప్పి కిటికీ దగ్గర పట్టుకుంది. అందులో అచ్చైన కుట్టుబొమ్మను గుడ్డ మీదికి దింపుకోవడానికి అమ్మమ్మ పొడిచిన సూదిపోట్లలోంచి వెలుగు జారి, నేల మీద నెమలి పురి విప్పింది. దివాణమంతా నోరు తెరిచి చూసింది.

"తమ బీరువాలో నలగని పత్రిక ఒకటి ఇలా పట్టించండి దొరా. ఏం పడుతుందో చూద్దాం."

"నీడే పడుతుంది," అని గొణిగి, జమీందారు ఆ నెమలిని తొక్కకుండా చెప్పులు విడిచి పక్కకు జరిగాడు.