రెల్లుపుల్లతో మెడ కొలుచుకున్న బాతు

బాతు పొద్దస్తమానం నీళ్ళలోనే ఉంటుంది కదా, మరి దాని ఒళ్ళెందుకు తడవదో చెప్పండి చూద్దాం? ఏం జీవన్, పైకప్పు చూస్తున్నావు, జవాబు అక్కడ రాసి లేదు. ప్రణవీ, నువ్వు? సరే, తెలియకపోతే తప్పేం లేదు, కథలో అదే వస్తుంది.

కోతలైపోయిన చేలల్లో మేసుకుంటూ ఊరూరూ తిరిగే బాతుల మంద ఒకటుండేది. ఆ ఏడు అది ఒక పెద్ద కాలువ గట్టున దిగింది. వారం తిరిగాక కాలువ ఈది అవతలి చేలకి వెళ్ళాలి. ఆ మందలో గున్న అని ఒక పడుచు బాతు. ఒళ్ళు నిగనిగలాడుతూ, గింజ కనిపిస్తే పరుగు తీసే పిల్ల. దానికి పినతల్లి కూతురు చుక్కి. ఇద్దరినీ పెంచింది మామ్మ బాతు.

కాలువ మధ్య వెదురు గుంజ మీద నల్లంచు అనే నీటికాకి ఉండేది. సన్నటి మెడ, సన్నటి నడుము. రోజుకి నాలుగుసార్లు రెక్కలు బారుగా చాపి, ఎండలో కదలకుండా నిలబడేది.

"అబ్బ, ఏం నిలబడుతుందే!" అంది గున్న. లోపల ఏదో చురుక్కుమంది.

నల్లంచుకి ఆ చూపు అందింది. "ఏమ్మా గున్నా, నీ మెడ ఇంకాస్త సన్నబడితే నాకంటే బాగుంటావు. చుక్కికి అప్పుడే కాస్త తగ్గినట్టుంది సుమా!"

చుక్కికి తగ్గిందా? గున్నకి ఆ రోజంతా గింజ గొంతు దిగలేదు.

మర్నాడు గుంజ దగ్గరికెళ్ళి నల్లంచుని అడిగింది, "ఏం చెయ్యాలి అక్కా?"

"ఏముంది, నోరు కట్టుకోవాలి. నీ వాటాకొచ్చే చేపపిల్లల్ని ఇటు తోలెయ్యి. పాపం, పారేస్తే పాడైపోతాయి కదా, నేను చూసుకుంటాను."

అప్పట్నించి గున్న మేతకి అందరితోనే వెళ్ళేది, ముక్కు బురదలో పెట్టి అటూ ఇటూ ఆడించేది, మింగేది మాత్రం కాదు. మామ్మ అడిగితే "అక్కడ తిన్నాను", చుక్కి అడిగితే "ఇక్కడ తిన్నాను". గట్టున ఒక రెల్లుపుల్ల దాచుకుని, నీళ్ళలో నీడ చూసుకుంటూ దాని పక్కన మెడ పెట్టి కొలుచుకునేది. పుల్ల పుల్లలాగే ఉంది, మెడ మెడలాగే ఉంది. కోపమొచ్చేది. చుక్కి నత్తని కరకరా నములుతుంటే ఇంకా కోపం.

"తిను తిను, నీకేం, ఎంత తిన్నా ఒళ్ళు పట్టదు!"

"నేనేం చేశానే నిన్ను? వణుకుతున్నావెందుకు, ఎండలో?"

"నీ పని నువ్వు చూసుకో."

మామ్మ అంతా చూస్తోంది. బూడిదరంగుకి తిరిగిన గున్న ఈకల్ని చూసింది, తాను వేటాడకుండానే పొట్ట పెరుగుతున్న నల్లంచునీ చూసింది. గున్నని కసురుకుంటే ఇంకో మూల దాక్కుంటుంది. అందుకని గుంజ దగ్గరికే ఈదుకుంటూ వెళ్ళింది.

"అమ్మాయ్ నల్లంచూ, రేపు మేం కాలువ దాటేస్తున్నాం. మా పిల్లలు నీ అందాన్ని దగ్గర్నుంచి చూస్తారట. పొద్దున్నే కిందికి దిగి, ఎండ గుంజ కొస తాకేదాకా మాతో నీళ్ళమీద కూర్చుంటావా? నీకేం కష్టం కాదనుకో. పోనీ, వద్దంటే..."

"వద్దని ఎవరన్నారండీ?" అంది నల్లంచు. అంత మెచ్చుకోలు ఎలా వదులుకుంటుంది!

మర్నాడు మందంతా నీళ్ళలో దిగింది. నడుమ నల్లంచు, దాని పక్కనే పట్టుబట్టి గున్న.

కాసేపటికి చుక్కి అడిగింది, "అక్కా, నీ వీపు కనిపించడం లేదేం?"

"ఇలా కూర్చోవడమే అందం."

"మెడ కూడా సగమే ఉంది!"

"నోరు ముయ్యవే!" అంటూనే నల్లంచు బుడుంగున మునిగి, కొట్టుకుంటూ లేచి, నీళ్ళోడుతూ గుంజెక్కి రెక్కలు చాపింది. గజగజ వణుకుతోంది.

"ఓహో, నిలబడేది అందానికి కాదా? ఆరేసుకోడానికా?" అని చుక్కి పకపకా నవ్వింది.

"అవునే! నాకు రెక్కలు నానిపోతాయి!" అని అరిచేసింది నల్లంచు. "మీరు పొద్దల్లా నీళ్ళలో ఉండి పొడిగా లేస్తారు. చూళ్ళేక కళ్ళు మండిపోయేవి. ఒక్కతైనా నాలా తడవాలనుకున్నాను!"

అప్పుడు గున్నకి వీపు చల్లగా తగిలింది. నీళ్ళు జారిపోవడం లేదు, ఇంకుతున్నాయి. ఇన్నాళ్ళూ కోరుకున్నట్టే అచ్చం నల్లంచులా అయింది, అలాగే మునుగుతోంది.

"మామ్మా!"

మామ్మ ఒక పక్క, చుక్కి ఒక పక్క ఆనుకుని ఒడ్డుకి నెట్టుకొచ్చారు.

"నా ఈకలకేమైంది మామ్మా?"

"తోక మొదట్లో మనకొక నూనె తిత్తి ఉంటుందమ్మా. ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకి పూసుకుంటేనే నీళ్ళు జారతాయి. ఒంట్లో సత్తువ ఉంటేనే ఆ నూనె ఊరుతుంది, ఓపిక ఉంటేనే పూసుకుంటాం. తినకపోతే సత్తువ ఎక్కణ్ణించొస్తుంది? నల్లంచు మెడ మునిగి చేపని పట్టడానికి, నీ పొట్ట తేలడానికి. దాని ఒళ్ళు దానికి సరే, నీది నీకు."

చుక్కి మూడు నత్తలు తెచ్చి ముందు పెట్టింది. గున్న రెండు తిన్నది. మూడోది పోలేదు, పొట్ట అంత ముడుచుకుపోయింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఆ పూట మంద కాలువ ఈదింది. గున్నని మాత్రం మందని తోలే కాపరి తన చిన్న దోనె పడవలో కూర్చోబెట్టాడు. రెల్లుపుల్ల గట్టునే ఉండిపోయింది. ఆ రోజు కూడా గున్నకి అసూయే. కాకపోతే ఈసారి చుక్కి వీపు మీంచి జారిపోతున్న నీటిబొట్లని చూసి. గుంజ మీద నల్లంచు ఇంకా ఆరుతూనే ఉంది. తలెత్తి చూసేవాళ్ళూ లేరు, వాటా చేపలు తోలేవాళ్ళూ లేరు.

ఇంకొకరి ఒళ్ళు చూసి నోరు కట్టుకున్నవాళ్ళకి ఆ ఒళ్ళూ రాదు, ఉన్న ఒళ్ళూ మిగలదు.

ఏమ్మా ప్రణవీ, ఏమన్నావు? ఎన్నాళ్ళకి ఈదిందా? వెంటనే ఏం కాదు. రెండు నత్తలు మూడయ్యాయి, మూడు ఐదయ్యాయి, మధ్యలో ఒక్కోరోజు మళ్ళీ రెండే. కొత్త ఈకలు రావడానికి టైం పడుతుంది, పట్టనీ. మామ్మ రోజూ పక్కనే కూర్చుని తినేది.

సరే, నేను లేస్తున్నాను. వంటింట్లో సున్నుండలు సగమే చుట్టాను, నెయ్యి పేరుకుపోతే మిగిలిన పిండి ఉండ కట్టదు.