అడగనమ్మ గండి

పూర్వం మేడికొండ సీమను కాచసాని అనే రాణి ధర్మం తప్పక పాలిస్తుండేది. పన్నెండు పల్లెల ఆ చిన్న రాజ్యం ఆమె మామగారి కాలంలోనే దిగువనున్న మహాసామ్రాజ్యంలో తన ఇష్టంతోనే చేరింది. సరిహద్దుల రక్షణ చక్రవర్తిదనీ, కొండా యేరూ దైవమూ సీమవారివేననీ ఉభయులూ అగ్నిసాక్షిగా ప్రమాణం చేసి రాగిరేకుపై చెక్కించుకున్నారు. కాలక్రమాన చక్రవర్తులు మారారు. రాగిరేకు మారలేదు గాని, దానికి రాజధానిలో చెప్పే అర్థం మారింది. యేరు దిగువకే పారుతుంది గనుక అది సామ్రాజ్యానిదేననీ, అనుజ్ఞాపత్రం లేనిదే అందులో చిన్న రాయి కూడా కదపరాదనీ శాసనం వచ్చింది. గొడవెందుకని కాచసాని అప్పటికి ఊరుకుంది.

ఒక శ్రావణమాసంలో కుంభవృష్టికి కొండచరియ విరిగి, ఆ సీమ యేరైన చిలకలేటికి అడ్డంగా ఒక మహాశిల పడింది. వెనుక నీరు ఉబ్బి గోనెలపాడు అనే పల్లె మునిగింది. మిగిలిన పల్లెల జనం గొడ్డూగోదాతో మిట్టలెక్కారు. రాణి మూడు విన్నపాలు పంపింది. మొదటిదానిలో ముద్ర వంకరగా పడిందని తిప్పి పంపారు. రెండవదానిలో చక్రవర్తి బిరుదు ఒకటి తప్పిందన్నారు. మూడవదానికి జవాబే లేదు. ఇక లాభం లేదని తానే గుర్రమెక్కి రాజధానికి వెళ్లింది.

అక్కడ రాయసం చూసే ప్రధానాధికారి అనంతభట్టు ఆమెను ఇరవై రోజులు మండపంలో కూర్చోబెట్టి, ఆపై పిలిపించాడు.

"మీరు మాలోవారే కదా తల్లీ, పరాయివారిలా ఈ విన్నపాలేమిటి?" అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

"అయితే వెళ్లి ఆ బండ పగలగొట్టుకోమంటారా?"

"అయ్యయ్యో, అనుజ్ఞ లేకుండానా!"

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరో పది రోజులకు పత్రం చేతికందింది. మేడికొండ సీమలో నీటి ఎద్దడి తీరుటకై ఒక బావి తవ్వుకొనుటకు చక్రవర్తివారు కరుణతో అనుమతించినట్లు అందులో రాసి ఉంది.

ఆమె తిరిగి వచ్చేసరికి మరి రెండు పల్లెలు నీట మునిగాయి. మిట్టల మీద విషజ్వరాలు సోకి ముగ్గురు పసివాళ్లు పోయారు. ఆ తల్లుల ముఖాలు చూడలేక రాణి తడిబట్టలతో కొండదేవత గద్దె ముందు సాగిలపడి, "అమ్మా, ఆ శిల తొలగించడానికి నీవైనా అనుజ్ఞ ఇయ్యవా?" అని వేడుకుంది. అంతలో గద్దెకు పూజచేసే ముసలి సుంకులక్కకు పూనకం వచ్చింది.

"నన్నూ అడగటమేనా?" అని దేవత ఆమె నోట కసిరింది. "నీ యేరు, నీ జనం, నీ చేతులు! ఇంకెంతమంది గడపలు తొక్కుతావే?"

కాచసాని లేచింది. దిగువ ఊళ్లవారిని గట్టెక్కమని రౌతులను పంపి, వారు క్షేమమని కబురు రాగానే గునపం అందుకొని శిల మీదికి ఎక్కింది. మండపంలో నెల్లాళ్లు దిగమింగిన కోపమంతా కూడదీసుకొని ఒక్క పోటు పొడిచింది. నలభైమంది కూడినా కదిలించలేని ఆ శిల దేవీ మహిమచేత నిలువునా చీలి, చిలకలేరు కొండ అదిరేలా దూకింది.

వారం తిరగకుండా రాజధాని నుండి అధికారులు వచ్చి పడ్డారు. "ఎవరిని అడిగి కొట్టించావు?" అని గద్దించారు. "ఎవరినీ అడగలేదు," అంది రాణి. ఈ సంగతి చక్రవర్తితో చెప్పే ధైర్యం వారిలో ఒక్కరికీ లేకపోయింది. చివరికి ఆ గండిని చక్రవర్తివారే ఆజ్ఞాపించి కొట్టించినట్లు ఒక శిలాశాసనం చెక్కించి, అక్కడే నాటి వెళ్లిపోయారు.

నాటినుండి ఆ దేవత అడగనమ్మగా, ఆ చోటు అడగనమ్మ గండిగా ప్రసిద్ధికెక్కాయి. నేటికీ శ్రావణమాసపు జాతరలో ఆ సీమ ఆడపడుచులు, పూజారి పిలుపు కోసం ఎదురుచూడకుండా, చీలిన శిలకు తలా ఒక గునపం పోటు వేసి పసుపు పూస్తారు. శాసనపు రాయి ఎన్నడో ఒరిగి మెట్ల దారిలో పడి ఉంది. యేరు దాటి వచ్చే భక్తులు గుడికి ఎక్కేముందు కాళ్ల బురద దానికే రుద్ది తుడుచుకుంటారు. అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. ఆ చక్రవర్తి పేరేమిటో ఆ సీమలో చెప్పగలవారు లేరు.