వరహాలమ్మ పంతులమ్మ అడిగిన మాట

అనగనగా, సముద్రం ఇంకా ఊళ్ళోకి పెత్తనాలకు వచ్చిపోయే రోజుల్లో, ఒక రేవు పట్నం. ఆ పట్నంలో సున్నపుబట్టీల పేట. ఆ పేట కుర్రాళ్ళు ఎంతటివాళ్ళంటే, నడిచేవాడి కాళ్ళకున్న చెప్పులు వాడు నడుస్తుండగానే కాజేసేవారు. వాళ్ళకు నాయకుడు గండి సన్యాసి. ముందు అతని మీసాలు సందు మలుపు తిరిగేవి, కాసేపటికి మనిషి వచ్చేవాడు.

ఆ పేటకే వచ్చింది వరహాలమ్మ పంతులమ్మ. చీపురుపుల్లంత మనిషి. బడి పెట్టింది, పుస్తకాలు రాసింది. ఆమె బెంగంతా ఒక్కడి మీదే. వాడి పేరు నూకరాజు. అమావాస్య మధ్యాహ్నం అవతలి పేటతో కత్తుల కొట్లాట ఉందనీ, ముందు నిలబడేది వాడేననీ పేటంతా చెప్పుకుంటోంది. ముందు నిలబడినవాడు నడిచి ఇంటికి రావడం అంతవరకూ ఎవరూ చూడలేదు.

వాడి కోసమే పంతులమ్మ ఒక పుస్తకం రాసింది. అందులో కుర్రాడు తెల్లారకముందే లేస్తాడు, పెద్దలకు దండం పెడతాడు, ఎవరి జోలికీ పోడు. చదివి వినిపిస్తే కుర్రాళ్ళు పెట్టిన గురకకు రేవులో ఓడలు లంగరు తెంచుకున్నాయి. అబద్ధమనుకుంటే వెళ్ళి ఓడలనే అడగండి. "అలా కాదు పంతులమ్మా," అని నూకరాజు లేచి వెళ్ళిపోయాడు.

రెండో పుస్తకం రాసింది. అందులో దొంగను యముడు నూనెలో వేయించాడు. వేపుడులో ఉప్పు సరిపోయిందా అని అడిగాడొకడు. ఆ నవ్వులకు మూడు వీధుల పెంకులు జారాయి. "అలా కాదు పంతులమ్మా," అన్నాడు నూకరాజు.

మూడోసారి, అమావాస్య నాటి పొద్దున, తెల్లకాగితాలు పట్టుకుని బట్టీ దగ్గరికే పోయింది. అక్కడ నూకరాజు కత్తి నూరుతున్నాడు. పక్కనే చతికిలబడింది.

"ఎలాగో నువ్వే చెప్పు, నేను రాస్తాను."

ఒకరి తప్పులు దిద్దడమంటే ఎవరికి చేదు? చెప్పాడు. కథలో కుర్రాడు కత్తి నూరుకున్నాడు.

"ఆ తర్వాత?"

వెళ్ళి అవతలివాణ్ణి పొడిచాడు.

"ఆ తర్వాత?"

పారిపోయాడు.

"ఆ తర్వాత?"

నూకరాజు నూరడం ఆపాడు. ఇంట్లో వాళ్ళమ్మ గంజి కాచి కూర్చుందన్నాడు.

"అది రాయకు పంతులమ్మా."

"నువ్వు చెప్పందే నేనెలా రాస్తానురా?"

ఈలోగా సన్యాసి కబురంపాడు. కథ తేలలేదు, రానన్నాడు నూకరాజు. మళ్ళీ కబురంపాడు. అదే జవాబు. మూడోసారి సన్యాసే ఉరుముకుంటూ వచ్చాడు. ఏం రాస్తున్నారో చదవమన్నాడు. తన సంగతి వచ్చిన చోట ఆపమన్నాడు.

"నా మీసం జానెడేనేటి?"

మూరెడని రాయమన్నాడు. జానెడేనన్నాడు నూకరాజు. సన్యాసి పుట్టాక అతనికి ఎదురుచెప్పినవాడు వీడొక్కడే. కొలవడానికి వీధి వీధంతా దిగింది. ఒకడు కుడివైపు లాగాడు, ఒకడు ఎడమవైపు లాగాడు. పొద్దు వాలింది. అవతలి పేటవాళ్ళు కత్తులతో ఎదురుచూసి చూసి, వీళ్ళకేమైందోనని తామే వచ్చి, తామూ కొలతలో దిగారు.

ఆ సాయంత్రం నూకరాజు నడిచి ఇంటికి పోయి గంజి తాగాడు. పంతులమ్మ అదే రాసింది.

ఆమె పోయిన నాడు పాడె మొయ్యడానికి, భుజం నాదంటే నాదని రెండు పేటలూ కొట్టుకోబోయాయట. ఇప్పటికీ అక్కడ ఎవడైనా కత్తి పట్టుకుని బయల్దేరితే, చెయ్యి పట్టి ఆపరు. ఒక ముసలమ్మ దారికడ్డంగా పీట వేసుకుని కూర్చుని "ఆ తర్వాత?" అంటుంది. వాడు చెప్పాలి. చెప్పింది చాలకపోతే మళ్ళీ అడుగుతుంది. ఈలోపు ఇంట్లో అన్నం ఉడుకుతుంది. వేడన్నం వదిలి కొట్లాటకు పోయే మొనగాడు ఆ పేటలో ఇంకా పుట్టలేదు.