ఐదు కొర్రీలు

నాలుగింటికి కమిషనరుగారి మీటింగు. మూడుంబావుకే సింహాద్రి చేతిలో నోటు సిద్ధంగా ఉంది. కావలసిందల్లా గురువుగారి సంతకం.

మునిసిపాలిటీలో ఇళ్ల ప్లాన్లకు అనుమతులిచ్చే విభాగానికి జోగారావు పెద్ద. ప్లాను చదవడం సింహాద్రికి నేర్పింది ఆయనే. ఆఫీసంతా ఆయన్ని సార్ అంటుంది, సింహాద్రి మాత్రం గురువుగారూ అంటాడు. నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. ఆ కుర్చీ ఎవరిదో ఈ మీటింగులో తేలిపోతుంది.

నోటు సారాంశం ఒక్కటే: ఏ ఫైలూ ఏ బల్ల మీదా ఒక్క రోజుకు మించి ఉండకూడదు. ఉదాహరణగా సింహాద్రి తన బల్లనే చూపించాడు. ఏడాదిగా దానిమీద ఒక్క ఫైలూ రాత్రి నిద్ర చెయ్యలేదు. ఫైలు తెరవకముందే పెన్ను మూత తీసే అలవాటు అతనిది. తప్పు కనిపించిన చోటే ఆగి, కొర్రీ రాసి, ఫైలు తిప్పి పంపేస్తాడు. సాయంత్రానికి బల్ల ఖాళీ.

వరండా బెంచీ మీద నూకరత్నం కూర్చుని ఉంది. బట్టలు కుట్టుకు బతికే మనిషి. స్లాబు వేద్దామని ఇంటి పెంకులు దించేసి, టార్పాలిన్ కింద కాపురం ఉంటోంది.

"బాబూ, వాన దిగిపోతంది. ఇయ్యేలైనా అవుద్దేటి?"

"పొద్దున్నే కొర్రీ రాశాను కదమ్మా. సరిచేసి తీసుకురా." అతను ఆగలేదు.

జోగారావు నోటు చదవడం మొదలుపెట్టారు. మూడో వాక్యం దగ్గర ఎర్ర పెన్సిలు ఆగింది.

"ఈ లెక్క ఏ తేదీ వరకు? రాసుకుని రా."

సింహాద్రి కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాడు. మళ్లీ ప్రింటు తీసి తెచ్చేసరికి మూడున్నర.

ఆయన పేజీ సగం దాకా వెళ్లారు. "పాత ఉత్తర్వు నంబరేదీ? వేసుకుని రా."

"గురువుగారూ, మిగతాది కూడా ఒక్కసారి..."

"నీ కాగితం నా బల్ల మీద ఎక్కువసేపు ఉండకూడదు కదా, నాయనా."

మూడు నలభై. ప్రింటరులో కాగితం ఇరుక్కుంది. లాగి తీసేసరికి వేళ్లన్నీ నల్లబడ్డాయి. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

మూడు యాభై. ఆయన రెండో పేజీ తిప్పారు. "ప్రతులు ఎవరెవరికి పంపుతున్నావో లేదే."

సింహాద్రి గొంతు లేచిపోయింది. "ఇవన్నీ మొదటే చెప్పొచ్చు కదండీ! ఉన్నది రెండు పేజీలు! అరగంటగా నన్నిలా తిప్పుతున్నారు!"

పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. గురువు మీద అతను గొంతు పెంచడం ఆ ఆఫీసులో ఎవరూ వినలేదు.

జోగారావు సొరుగు లాగి ఒక ఫైలు తీసి అతని ముందు పెట్టారు. పైన నూకరత్నం పేరు. లోపల ఐదు కొర్రీలు. మొదటిది ఫిబ్రవరిలో, మొదటి పేజీ మీద. తర్వాతది మార్చిలో, మూడో పేజీ మీద. ఐదోది ఈ ఉదయం, పదకొండో పేజీ మీద. ఐదూ ఒకే చేతిరాత.

"నీది రెండు పేజీలు," అన్నారాయన. "ఆవిడది పద్దెనిమిది."

కిటికీ అవతల ఉరిమింది. అటెండరు తలుపు తోసుకుని వచ్చాడు. "సార్, కమిషనరుగారు నోటు అడుగుతున్నారు."

జోగారావు సంతకం పెట్టడానికి పెన్ను తీసుకుని, శిష్యుడి వైపు చూశారు.

సింహాద్రి ఆయన ముందున్న నోటు వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇంకా తయారవలేదని చెప్పు," అన్నాడు అటెండరుతో. "బయట బెంచీ మీద నూకరత్నంగారని ఉంటారు. లోపలికి రమ్మను."

కుర్చీ లాక్కుని, ఫైలు మొదటి పేజీ తెరిచాడు. పద్దెనిమిదో పేజీ చివరి గీత దాకా పెన్ను మూత తియ్యలేదు.