అత్తరు రాసే చెయ్యి

రండి, దగ్గరికి జరగండి. సాంబుడూ, ఆ దుప్పటి కొంచెం నీ చెల్లెలి మీదకి కూడా లాగు. గోడకి ఆనుకున్న వాళ్ళు కూడా ముందుకు రావాలి, నా గొంతు అంతదూరం నడవలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నారా? ఇక వినండి. మధ్యమధ్యలో ఊఁ కొడుతూ ఉండాలి. మీ ఊఁ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగా ఒక ఊళ్ళో చెంచయ్య అని అత్తరు చేసేవాడు ఉండేవాడు. అతని అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. తోడబుట్టిన వాళ్ళు లేరు. ఇంటిముందు ఒక పొగడచెట్టు ఉండేది, అంతే.

పొగడపువ్వు చూశారుగా, చుక్కంత ఉంటుంది. దాన్ని ఎవరూ కొయ్యక్కర్లేదు. తెల్లవారకముందే తనంతట తనే రాలిపోతుంది. నేల రాలిన పువ్వు పూజకి పనికిరాదంటాం కదా, దీనికి మాత్రం ఆ పట్టింపు లేదు. రాలినా స్వామి తీసుకుంటాడు. ఎండినా వాసన పోదు.

చెంచయ్య ఆ పూలు ఏరి, నీళ్ళతో పాటు రాగిబిందెలో వేసి, మూతికి మట్టి మెత్తి, కింద సన్నటి సెగ పెట్టేవాడు. అప్పుడు ఆవిరి వెదురుగొట్టంలోంచి మెల్లిగా వెళ్ళి గంధపు నూనెలో చేరేది. అదే పొగడ అత్తరు.

ఆ అత్తరుకి ఒక చిత్రమైన గుణం ఉంది. ఏ చేతికి రాస్తే ఆ మనిషి స్వభావం వాసనై బయటికొచ్చేది. మోతుబరి బసివిరెడ్డి చేతికి రాస్తే మిరియం ఘాటు. ఆయనకి ముక్కు మీదే కోపం మరి. కబుర్ల ఆదెమ్మకి రాస్తే వీధి చివరిదాకా గుప్పుమని, ఆవిడ ఇల్లు చేరేసరికి ఏమీ మిగిలేది కాదు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి రాస్తే, చెయ్యి ముక్కుకి ఆనించుకుంటే గాని తెలిసేది కాదు. తెలిశాక మాత్రం రోజంతా వదిలేది కాదు.

"అది సరే చెంచయ్యా, మల్లె అత్తరు ఆడవాళ్ళది, గంధపు అత్తరు మగవాళ్ళది. ఇది ఎవరిదోయ్?" అని అరుగుమీది వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

"చెయ్యి చాపిన వాళ్ళదండీ," అనేవాడు చెంచయ్య.

ఆ ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పందిరి గుమ్మం దగ్గర అతను నిలబడాల్సిందే. వచ్చిన వాళ్ళు చెయ్యి చాపుతారు. అతను వెండిపుల్లతో ఒక చుక్క తీసి చేతి వెనకవైపు రాస్తాడు. వాళ్ళు వాసన చూసుకుని, నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోతారు. ఊరందరి చేతులూ అతను పట్టుకున్నాడు. అతని చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఊఁ అనండి మరి.

ఒకరోజు చెంచయ్య తన చేతికి తనే రాసుకుని వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. శనగపిండితో రుద్ది కడిగి మళ్ళీ రాసుకున్నాడు. ఏమీ తెలియలేదు. పొద్దస్తమానం ఆ అత్తరులోనే ఉండే ముక్కుకి తన వాసన ఎలా తెలుస్తుంది చెప్పండి? పాపం, అతనికి ఆ సంగతి తట్టలేదు. "అందరిలోనూ ఏదో ఒకటి ఉంది. నాలో ఏమీ లేదు కాబోలు. అందుకే నా పక్కన ఎవరూ కూర్చోరు," అనుకున్నాడు.

అప్పుడు బసివిరెడ్డి దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, నా చెయ్యి ఏం వాసనో కాస్త చూసి చెబుతారా?"

"వంటవాడొచ్చి ఉప్పు సరిపోయిందా అని నన్నడిగినట్టుందే. నీకు తెలియంది నాకేం తెలుస్తుందయ్యా?" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆదెమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అతని చెయ్యి చూడకుండానే ఊళ్ళో వాళ్ళందరి చేతుల గురించీ చెప్పింది. చెప్పీ చెప్పీ పొయ్యిమీద పాలు పొంగాయని పరుగెత్తింది.

ఆ తర్వాత గుడికి వెళ్ళాడు. గడపమీద చెయ్యి పెట్టి, "స్వామీ, నువ్వైనా చెప్పు," అన్నాడు. స్వామి పలకలేదు. దీపం అలాగే వెలుగుతోంది. మన స్వామికి తన నోటితో చెప్పే అలవాటు లేదమ్మా, ఎవరో ఒకరిచేత చెప్పిస్తాడు. కానీ ఆ ఒక్కరూ వచ్చేదాకా కూర్చోవడమే కష్టం.

చెంచయ్య ఇంటికొచ్చి అన్నం వండుకున్నాడు. ఒక్కడే తిన్నాడు. "ఎల్లుండి ఒప్పుకున్న పెళ్ళి ఒకటుంది. అది కాగానే బిందె బోర్లించి ఊరొదిలి పోతాను," అనుకున్నాడు. అతను పోతే ఆ అత్తరూ పోయినట్టే. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు.

పెళ్ళిరోజు వచ్చింది. జనం వచ్చారు, చేతులు చాపారు, లోపలికి వెళ్ళారు. మంగళవాద్యాలు మొదలయ్యాయి. గుమ్మం దగ్గర చెంచయ్య ఒక్కడే మిగిలాడు.

అప్పుడు చూశాడు. కాళ్ళు కడుక్కునే గాబు పక్కన ఒక ముసలావిడ నిలబడి ఉంది. పేరు ఓబులమ్మ, పెళ్ళికూతురికి మేనత్త. పొరుగూరి నుంచి వచ్చింది. భర్త పోయినావిడని శుభకార్యాల్లో ముందుకు రానిచ్చేవాళ్ళు కాదు ఆ రోజుల్లో. అది మనుషులు పెట్టుకున్న మాటే గాని, దేవుడు చెప్పింది కాదు.

"అమ్మా, చెయ్యి చాపండి," అన్నాడు చెంచయ్య.

"నాకెందుకు నాయనా. అది ముత్తయిదువలకి రాసేది."

"కాదమ్మా. ఇది చెయ్యి చాపిన వాళ్ళది."

ఆవిడ చాలాసేపు కొంగులోనే చెయ్యి దాచుకుంది. ఆ తర్వాత చాపింది. అతను రాశాడు. ఆవిడ వాసన చూసుకుని కళ్ళు తుడుచుకుంది. రాయించుకున్నాక లోపలికి వెళ్ళలేదు. అక్కడే నిలబడి అతని వంక చూసింది.

"మరి నీకు ఎవరు రాస్తారు నాయనా?"

ఆవిడ అతని చేతిలోంచి వెండిపుల్ల తీసుకుని, ఒక చుక్క అద్ది, అతని చేతికి రాసింది. ఆ చెయ్యి పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చుకుంది.

"ఏం వాసనమ్మా?" అన్నాడు.

ఆవిడ తొందరపడలేదు. "మనం లేచేసరికే ఎవరో వాకిలి చిమ్మి కళ్ళాపి చల్లి వెళ్ళిపోతే ఉంటుందే, ఆ వాసన. చల్లిన మనిషి కనపడరు. కానీ మనకోసం ఎవరో ముందే లేచారని తెలుస్తుంది," అంది.

మర్నాడు ఓబులమ్మ బండెక్కి తన ఊరు వెళ్ళిపోయింది. మళ్ళీ వాళ్ళిద్దరూ కలుసుకోలేదు. చెంచయ్య ఇంట్లో అప్పుడూ ఎవరూ లేరు, ఆ తర్వాతా ఎవరూ రాలేదు. తన వాసన అతనికి ఎప్పటికీ తెలియనేలేదు. కానీ తెలిసిన మనిషి ఒకరున్నారు కదా. ఆ పెళ్ళి మర్నాడు కూడా తెల్లవారుజామునే లేచాడు. రాలిన పూలు ఏరాడు. బోర్లించాలనుకున్న బిందెలో నీళ్ళు పోశాడు.

పిల్లలూ, రేపు మీ పిన్ని పెళ్ళిలో గుమ్మం దగ్గర మీ చేతికి అత్తరు రాస్తారు. రాయించుకుని పరుగెత్తకండి. ఏం చేయాలి? "మరి మీకో?" అని అడిగి, ఆ చేతికి ఒక చుక్క రాయాలి. ఏదీ, అందరూ ఒక్కసారి చెప్పండి. సాంబుడూ, నీ గొంతు వినపడలేదు. ఊఁ, అదీ.

పువ్వు నేలకి, పరిమళం చేతికి,
కథ కంచికి, మనం ఇంటికి.