కాటన మోకాలు

మంజిరగిరిని ఏలే గన్నభూపతి ఒకనాడు కొలువులో కూర్చుంటూనే కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కాటన వెళ్లిపోకుండా ఆపే ఉపాయం ఎవరైనా చెబుతారా? లేకపోతే దసరా ఆటల్లో మీరే కూతకు వెళతారా?"

సభలోని బొజ్జలన్నీ ఒక్కసారిగా లోపలికి పోయాయి.

కాటన ఆ రాజ్యపు చెడుగుడు జట్టులో మేటి. అతను కూతపెట్టి గీత దాటాడంటే అవతలి జట్టులో ముగ్గురో నలుగురో తలలు వంచుకుని బయటికి నడవాల్సిందే. మంజిరగిరికి పెద్ద కోట లేదు, చెప్పుకోదగ్గ సైన్యమూ లేదు. ఇరుగుపొరుగు రాజులు ఆ ఊరి పేరు కాస్త మర్యాదగా పలికేది కాటన వల్లనే.

అలాంటి కాటన కొలువులో ఉంటానని రాసిచ్చిన గడువు ఈ దసరాకు ముందే తీరిపోతుంది. మళ్లీ రాసివ్వమంటే నవ్వుతాడు. ఉంటాననడు, పోతాననడు. పొరుగునున్న కొలనుపురం రాజు మాత్రం గడువు తీరగానే పల్లకీ పంపిస్తానని ఊరంతా చాటాడు.

అప్పటి నుంచి కాటన ఆట కూడా మారిపోయింది. కూతకు వెళ్లి, గీత అవతల గడప దగ్గర అతిథిలా నిలబడి, వెంటనే వెనక్కి వచ్చేస్తున్నాడు. కొత్త యజమానికి ఒళ్లు చెక్కుచెదరకుండా అప్పజెప్పాలి కదా!

పెద్దమంత్రి గుండయామాత్యుడు మీసం సవరించుకుంటూ లేచాడు. తనకు తెలియని విషయం బ్రహ్మదేవుడికి కూడా తెలియదని ఆయన నమ్మకం.

"ప్రభూ, కానుకలతో కరగనివాడు ఉండడు. నాకు వదిలేయండి."

వదిలేశారు. మంత్రి గుర్రం పంపాడు. కాటన పుచ్చుకున్నాడు. పాడి ఆవుల్ని పంపాడు. పుచ్చుకున్నాడు. తోటతో సహా మేడ ఇస్తామంటే, చూసొచ్చి, "పడమటి ఎండ పడుతోందండీ" అన్నాడు.

మంత్రికి ఒళ్లు మండింది. "వాణ్ణి ఆడనివ్వకండి. గట్టు మీద కూర్చోబెట్టండి. దెబ్బకి దిగివస్తాడు!"

కూర్చోబెట్టారు. ఆ రోజు మంజిరగిరి చిత్తుగా ఓడింది. జనం కాటనను భుజాల మీద ఊరేగించి, మంత్రిగారి ఇంటి మీద పేడముద్దలు విసిరారు.

రాజుగారికి తాంబూలం అందించే అడపకత్తె ముప్పమ ఇదంతా చూస్తూనే ఉంది. ఆకులకు సున్నం రాస్తూ అంది:

"ఏలినవారు తప్పుగా అనుకోనంటే ఒక మాట. సంతలో ఎద్దు పలుపు గట్టిగా పట్టుకుని 'అమ్మను, అమ్మను' అని అరిచేవాడి చుట్టూనే బేరగాళ్లు మూగుతారు. అదే ఎద్దుకు పూలదండ వేసి 'తీసుకుపో నాయనా' అన్నామనుకోండి, కొనేవాడు ముందు దాని పళ్లు చూస్తాడు."

రాజు తాంబూలం నమలడం ఆపేశాడు. "అంటే?"

"గడువు తీరేనాడు కాటనకు ఘనంగా వీడ్కోలు చేయండి. కొలనుపురం దూతను కూడా పిలవండి. వచ్చినవాళ్లతో మాట్లాడే పని నాది."

"అబద్ధాలు ఆడతావా?"

"ఒక్కటీ ఆడను ప్రభూ. కాటనకు ఏ లోపమూ లేదనే చెబుతాను. అలా చెప్పమని మీరు నన్ను ఆజ్ఞాపించండి."

"సరే, ఆజ్ఞాపించాను!"

మంత్రి పకపకా నవ్వాడు. "దొంగకు తాళంచెవి ఇచ్చి సాగనంపడమన్నమాట!"

వీడ్కోలు విందు పెళ్లిలా జరిగింది. తోరణాలు, సన్నాయి, బూరెలు. కాటనకు మెడ కనిపించనన్ని దండలు వేశారు. రాజు చిరునవ్వుతో, "వెళ్లిరా నాయనా, సంతోషం" అన్నాడు.

కాటన ముఖం చిన్నబోయింది. ఎవరైనా కాళ్లావేళ్లా పడతారనుకున్నాడు మరి.

కొలనుపురం దూతకు బూరె గొంతు దిగలేదు. మేటి ఆటగాణ్ణి పోగొట్టుకుంటూ ఇంత సంబరమా? ఈమధ్య కాటన గీత దాటీ దాటగానే వెనక్కి వచ్చేస్తున్నాడన్న మాట కూడా గుర్తొచ్చింది. మెల్లగా ముప్పమ పక్కకు చేరాడు.

"అమ్మా, మనలో మాట. కాటన మోకాలు బాగానే ఉంది కదా?"

ముప్పమ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"చాలా బాగుందండీ. ఎవరడిగినా బాగుందనే చెప్పమని ప్రభువులు ఆజ్ఞాపించారు."

దూత చేతిలోని బూరె నేల మీద పడింది.

ఈ మాట ఆ నోటా ఈ నోటా పాకి కాటన చెవిన పడింది. అతను మండిపడుతూ దూత ముందుకొచ్చి, దండలతో సహా ఎగిరాడు. గుంజీలు తీశాడు. ఒంటికాలి మీద పందిరి చుట్టూ గెంతాడు.

"చూడండి! నా మోకాలికి ఏమైంది?"

దూత కళ్లు చెమర్చాయి. "పాపం, ఎంత బాధను దిగమింగుకుంటున్నాడో!"

భోజనమైనా ముగించకుండా ఖాళీ పల్లకీతో కొలనుపురం దారి పట్టాడు.

కాటన చెమటలు కక్కుతూ వచ్చి రాజు ముందు నిలబడ్డాడు. "ప్రభూ, నేను ఎక్కడికీ వెళ్లను. పాత జీతానికే రాసిస్తాను."

గన్నభూపతి ముప్పమ వైపు చూశాడు.

"మిమ్మల్ని నమ్మి ఉంటానంటే కాస్త పెంచే ఇవ్వండి ప్రభూ, అతను అందుకు తగినవాడే" అంది ముప్పమ. "కాకపోతే ఇకమీద గడువు చివరిదాకా ఆగకండి. వాన మొదలయ్యాక కళ్లంలో ధాన్యం బేరం పెడితే ఎవడు ధర పలుకుతాడు?"

అక్కడికక్కడే కొత్త ఒప్పందం రాసుకున్నారు. మంత్రి గుండయామాత్యుడు అదంతా తన ఆలోచనేనని పక్కవాడికి చెప్పబోయాడు గానీ, పక్కవాడు వినలేదు.

కాటన మాత్రం ఇంకా గింజుకుంటూనే ఉన్నాడు. "అంతా బాగుంది గానీ అక్కా, నా పరువేం కాను? నా మోకాలు బాగుందని ఆ కొలనుపురం వాళ్లకు ఎలా చెప్పడం?"

ముప్పమ ఆకు మడిచి అతని చేతిలో పెట్టింది.

"దసరాకి వాళ్ల మీదకు కూతకు వెళ్లి చెప్పు."

గన్నభూపతి కిరీటం జారిపోయేలా నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాల హారం తీసి ముప్పమ మెడలో వేశాడు.