బిజిలీ వదిలిన ఊపిరి

గుర్రాల పనిలో తనను మించినవాడు లేడని హుస్సేనప్ప గట్టి నమ్మకం. ఉండదా మరి! మూడేళ్ళుగా కొండ కింద పీరుసాబు దగ్గర శిష్యరికం చేస్తున్నాడు. దేవుడూ గుర్రాలూ తప్ప వేరే ధ్యాస లేని ముసలి ఫకీరు ఆయన.

ఆ పొద్దున హుస్సేనప్ప మొదటిసారి గురువు తోడు లేకుండా కొండదారి పట్టాలి. అదీ కన్నతల్లి గంగులమ్మను గుర్రం ఎక్కించుకుని. కొండ అవతల ఆవిడ అక్క మంచం పట్టింది. చూసి రావాలంటే మోకాళ్ళు సహకరించవు. దారంతా ఒకపక్క బండ, ఇంకోపక్క లోయ.

గుర్రం పేరు బిజిలీ. హుస్సేనప్ప దాని గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీశాడు. వీపు దులిపి, కంబళి మడత లేకుండా పరిచాడు. జీను వేసి, పొట్టకింది పట్టీని పళ్ళ బిగువున లాగి బిగించాడు. నిజం చెప్పొద్దూ, వంక పెట్టే పని కాదు.

"ఇంక అమ్మను ఎక్కించమంటారా సాబూ?" అని ఛాతీ విరుచుకుని అడిగాడు.

పీరుసాబు గుర్రాన్ని నీళ్ళతొట్టి దాకా నడిపించుకు రమ్మన్నాడు. అమ్మ అరుగుమీద చెప్పులు తొడుక్కుని కాచుకుని ఉంటే ఇప్పుడీ షికారేమిటని హుస్సేనప్పకు చిర్రెత్తింది. అయినా నడిపించి తెచ్చాడు.

ముసలాయన కాలు పెట్టే రికాబు పట్టుకుని, ఒంటి బరువంతా వేసి కిందికి గుంజాడు. జీను గిర్రున తిరిగి గుర్రం పొట్టకిందికి పోయింది.

హుస్సేనప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. అరుగు వైపు చూడబోయి, చూడలేక తల దించుకున్నాడు.

"గట్టిగానే కట్టాను సాబూ."

"గట్టిగానే కట్టావు. నువ్వు కడుతున్నంతసేపూ అది ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించింది. నాలుగడుగులు వేశాక వదిలేసింది."

హుస్సేనప్ప జీను విప్పి, అంతా మళ్ళీ మొదటినుంచీ చేశాడు. ఎవరూ చెప్పకుండానే బిజిలీని తొట్టి దాకా తిప్పి తెచ్చాడు. పట్టీ కింద వేళ్ళు దూర్చి చూసి, ఇంకో రెండు బెజ్జాలు బిగించాడు. తనే రికాబు పట్టుకుని వేలాడినంత పని చేశాడు. జీను కదల్లేదు. అప్పుడు అరుగు దగ్గరికి వెళ్ళి, తల్లిని రెండు చేతులా ఎత్తి తెచ్చి కూర్చోబెట్టాడు. కళ్ళెం పట్టుకుని ముందుకు నడిచాడు.

పీరుసాబు గంగులమ్మ వైపు చూసి నవ్వాడు.

"నిమ్మళంగా పోయిరా తల్లీ. ఈసారి నీ కొడుకు నన్ను అడగలేదు."